పవరు డబ్బ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కంప్యూటరు మొరాయించినప్పుడు గృహస్థుకు మూడు దశలు. మొదటిది మీట మళ్లీ మళ్లీ నొక్కడం. రెండోది పెట్టె నెత్తిన అరచేత్తో చరవడం. మూడోది కవిత్వం. ఈ మూడో దశకు చేరిన ఒక గృహస్థు తన డెస్క్‌టాప్‌ను ఆటోలో వేసుకుని సికింద్రాబాదు పార్క్ లేన్‌లో, సీటీసీ కంప్యూటర్ల బజారు దగ్గరున్న ఒక రిపేరు కొట్టుకు తెచ్చి, దాని మీద అంటించిన చీటీలో ఒక ఆటవెలది రాశాడు. కొట్టులో పని నేర్చుకుంటున్న కుర్రాడు దాన్ని చదివి, చీటీ వెనక "ఎస్‌ఎంపీఎస్ డెడ్" అని ఏకవాక్య వ్యాఖ్య రాసి పెట్టెను పక్కకు నెట్టాడు. ఆ వ్యాఖ్య అసంపూర్ణం. పైగా పద్యంలోని అతి ముఖ్యమైన పదాన్ని మింగేసిన వ్యాఖ్య. అందువల్ల ఈ టీక అవసరమైంది.

మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడు మొదటి నియమాన్ని శిరసావహిస్తాడు. రెండోదానికి సెలవు కోరుతున్నాడు. కంప్యూటరు రిపేరులో ఏది అక్కరలేనిదో పని ముగిసేదాకా తేలదు.

మూలం

మీట నొక్కినంత మేల్కొని తిరుగాడి
పంక నిలిచిపోయె బల్బు మలిగె
నిన్న రాత్రి దాక నిక్షేపముగ నుండె
పవరు డబ్బ యేమొ బాబు! చూడు

ప్రతిపదార్థం

బాబు! = ఓ మెకానిక్కు నాయనా!; మీట = కేబినెట్ మొహాన ఉన్న పవర్ బటన్ను; నొక్కిన + అంత = నొక్కీ నొక్కగానే; పంక = లోపలి ఫ్యాను; మేల్కొని = నిద్రలేచి; తిరుగాడి = క్షణకాలము గిర్రున తిరిగి; నిలిచిపోయె = ఆగిపోయెను; బల్బు = ముందువైపు ఎల్‌ఈడీ దీపము; మలిగె = ఆరిపోయెను; నిన్న రాత్రి దాక = గడచిన రాత్రి షట్‌డౌన్ చేసిన వేళ వరకు (అని యజమాని వాంగ్మూలము); నిక్షేపముగన్ + ఉండె = ఏ లోపమూ లేక ఉండెను (ఇదియును యజమాని వాంగ్మూలమే); పవరు డబ్బ + ఏమొ = ఎస్‌ఎంపీఎస్ అనబడు రేకుపెట్టె చెడినదేమో; చూడు = పరీక్షింపుము.

టీక

"మీట నొక్కినంత": మీటలు మూడు. గోడ మీదిది, ఎస్‌ఎంపీఎస్ వీపున ఉండేది, కేబినెట్ మొహాన ఉండేది. కవి చెప్పింది మూడోదాన్ని. మొదటి రెండూ కరెంటును నిజంగా కలిపేవి, తెంచేవి. మూడోదానికి 230 వోల్టులతో ఏ సంబంధమూ లేదు. పాత ఏటీ పెట్టెల్లో గోడ కరెంటే ముందు మీట దాకా వచ్చేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక ఆ రివాజు పోయింది. ఇప్పటి మీట చేసే పనల్లా మదర్‌బోర్డు మీది రెండు పిన్నులను క్షణకాలం కలపడమే. ఆ కబురు అందుకున్న బోర్డు ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ పని మొదలుపెడుతుంది. కనుక మీట నొక్కడం ఆజ్ఞ కాదు, బోర్డు ద్వారా పంపే అర్జీ.

ఆపేసి ఉన్న యంత్రంలో ఈ అర్జీని అందుకునేది ఎవరని ప్రశ్న. ఊదారంగు తీగ అని జవాబు. గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ ఈ తీగలో 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి. దీన్నే స్టాండ్‌బై అంటారు. చాలా మదర్‌బోర్డుల మీద ఒక చిన్న దీపం రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండేది దీని చలవే. అది వెలుగుతూంటే గోడ సాకెట్టు, పవర్ కార్డు, స్టాండ్‌బై సర్క్యూటు మూడూ బతికున్నట్టు. వెలగకపోతే డబ్బకన్నా ముందు గోడను శంకించాలి. యూపీఎస్‌నీ స్పైక్ బస్టర్‌నీ తప్పించి సరాసరి గోడ సాకెట్టులో పెట్టి చూడాలి. మానిటరు కార్డూ సీపీయూ కార్డూ చాలావరకు ఒకే జాతివి కనుక దాన్ని దీనికి పెట్టి చూడాలి.

మీటకు కూడా చావుందని మరవరాదు. కేబినెట్ నుంచి బోర్డుకు వచ్చే రెండు పిన్నుల తీగను ఊడదీసి, బోర్డు మీది ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం కలిపితే యంత్రం లేచిందనుకోండి, దోషం మీటదే. మీట చేసిన పాపానికి ఎస్‌ఎంపీఎస్ కొన్న పుణ్యాత్ములు లోకంలో కొల్లలు.

"మేల్కొని తిరుగాడి పంక నిలిచిపోయె": పంకము అంటే బురద అని నిఘంటువు చూసుకుని, "బురద తిరుగుట అసంభవము, కావున ఇది దోషము" అని ఒక పూర్వవ్యాఖ్యాత ఆక్షేపించాడు. కేబినెట్ తలుపు తీసి చూసినవాడు ఈ ఆక్షేపణ చేయడు. ఫ్యాను రెక్కల మీద పేరుకున్న దుమ్ము వానాకాలపు తేమకు తడిసి అక్షరాలా పంకమే అయి ఉంటుంది, అదే తిరుగుతుంది కూడా. అయినా ఇక్కడ పంక అంటే పంకాయే. చివరి దీర్ఘం ఛందస్సు కోసం కుదించుకుంది.

ఫ్యాను క్షణమైనా తిరిగిందంటే 12 వోల్టులు క్షణమైనా వచ్చాయని అర్థం. కనుక డబ్బ పూర్తిగా చచ్చిన శవం కాదు. కుర్రాడి "డెడ్" అనే మాట మొదటి పాదంతోనే వీగిపోయింది. మరి ఎందుకు ఆగింది? ఇక్కడ రెండు పక్షాలు.

డబ్బలో సత్తువ లేక ఆగిందని మొదటి పక్షం. డబ్బ లేవగానే 12, 5, 3.3 వోల్టుల వరుసలు నిలదొక్కుకోవాలి. అవి హద్దుల్లోకి వచ్చాక 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపల బూడిదరంగు తీగ మీదుగా "అంతా క్షేమం" అని బోర్డుకు సంకేతం పంపాలి. ఆ సంకేతం అందాకే బోర్డు ప్రాసెసరును లేపుతుంది. వరుసల్లో ఏదైనా కుంగితే ఆ క్షేమ సమాచారం అందదు, ప్రాసెసరు లేవదు.

డబ్బ గట్టిదే, ఆత్మరక్షణ కోసం తనంతట తానే ఆగిందని రెండో పక్షం. ఎక్కడో షార్టు ఉంది, డబ్బ దాన్ని పసిగట్టి చేతులెత్తేసింది. మడత పడిన యూఎస్‌బీ పోర్టు పిన్ను కావచ్చు. బోర్డు వెనక జారిపడిన స్క్రూ కావచ్చు. బోర్డు కింద ఉండకూడని చోట బిగించిన ఇత్తడి కాలు కావచ్చు. కొన ఊపిరితో ఉన్న హార్డ్ డిస్కు కావచ్చు. ఈ పక్షంలో డబ్బ నేరస్థురాలు కాదు, సాక్షి.

ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పే ఉపాయం త్యాగం. పవర్ కార్డు పీకేసి, ప్రాసెసరు, దాని కూలరు, ఒక్క ర్యామ్ పలక మాత్రం ఉంచి తక్కినవన్నీ ఊడదీయాలి. గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, డీవీడీ డ్రైవు, వెనకాల వేలాడే యూఎస్‌బీ సరంజామా అంతా బయటికే. అయితే చిత్రం ఇచ్చే ఏర్పాటు బోర్డులోనో ప్రాసెసరులోనో ఉంటేనే గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలుగుతుంది. లేనివారు తెరను వదిలేసి ఫ్యాను ఆగుతోందా, నిలిచి తిరుగుతోందా అన్నది మాత్రం చూసుకోవాలి. యంత్రం నిలిచి లేస్తే ఊడదీసినవి ఒక్కొక్కటే తగిలిస్తూ, ఏది తగిలించగానే మళ్లీ కూలబడిందో దాన్ని పట్టుకోవాలి. ఈ పని చేసేటప్పుడే ర్యామ్ పలక బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడవడం మెకానిక్కుల ఆచారం. ప్రాసెసరు పక్కన విడిగా గుచ్చే 4 లేదా 8 పిన్నుల కనెక్టరు వదులైందేమో చూడడం కూడా ఈ సందర్భంలోనే ఉచితం. 24 పిన్నుల పెద్ద కనెక్టరును అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఈ చిన్నదాన్ని మరిచి గంటలు పోగొట్టుకుంటారు.

"బల్బు మలిగె": ఈ రెండు మాటలూ వ్యర్థపదాలని, గణాలు నింపడానికి వేసినవని కొందరంటారు. అది తప్పు. దీపం వెలుగుతూ, ఫ్యాన్లు హోరున తిరుగుతూ, తెర మాత్రం నల్లగా ఉంటే అది వేరే పద్యం. దానికి టీక ర్యామ్‌తోనూ, గ్రాఫిక్స్ కార్డుతోనూ, మానిటరు కేబుల్‌తోనూ మొదలుపెట్టాలి. దీపం కూడా మలిగిందని చెప్పి కవి ఆ వ్యర్థ శ్రమనుంచి వైద్యుణ్ని కాపాడాడు. రోగి వాంగ్మూలంలో ఇంత పనికొచ్చే ముక్క అరుదు.

"నిన్న రాత్రి దాక నిక్షేపముగ నుండె": నిక్షేపం అంటే దాచిపెట్టిన సొత్తు. లోపం నిన్న రాత్రి పుట్టలేదు, అప్పటికే లోపల దాచి ఉంది అన్నది ఇక్కడి ధ్వని. ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లలో తడిగా ఉండే ఎలక్ట్రోలైట్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వారి మోటు లెక్క. గోడకు ఆనించి, దుమ్ముపట్టి, గాలాడని మూలన పెట్టిన పెట్టెకు అది ఎప్పుడో వర్తించింది. నడుస్తున్నంతసేపూ ఆ వేడిమీదే కెపాసిటరు ఎలాగో నెట్టుకొస్తుంది. రాత్రి ఆపేశాక చల్లబడుతుంది. పొద్దున్నే లేవమంటే లేవలేదు. రోజుల తరబడి ఆపకుండా నడిచిన యంత్రం ఒక్క పవర్ కట్‌తో శాశ్వతంగా పడుకోవడంలోని రహస్యం తరచుగా ఇదే. 2000 తరవాతి తొలి సంవత్సరాల్లో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, మదర్‌బోర్డులు గుట్టలుగా చెడిపోయిన కాలం ఒకటి నడిచింది. అప్పటి మెకానిక్కులు నేటికీ బోర్డు చేతికందగానే ముందు కెపాసిటర్ల నెత్తులు చూస్తారు.

ఇక "ఉండె" అన్న క్రియకు కర్త యంత్రం, సాక్షి యజమాని. ఈ సాక్షిని ఎదురు ప్రశ్నలు వేయక తప్పదు. నిన్న రాత్రి ఉరిమిందా? కరెంటు పోయి వచ్చిందా? కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టారా? పెట్టెను ఇల్లు తుడిచేటప్పుడు జరిపారా? ఆటలు ఆడేటప్పుడు మాత్రమే ఆగి మళ్లీ బూటయ్యేదా? చివరి ప్రశ్నకు అవునని జవాబొస్తే అది బరువు మోయలేని డబ్బ లక్షణమూ కావచ్చు, వేడెక్కిన ప్రాసెసరు లక్షణమూ కావచ్చు. విండోస్ చిట్టాలో "కెర్నెల్-పవర్ 41" అని ఎర్రగా కనబడగానే డబ్బ దోషం రుజువైందని చంకలు గుద్దుకునేవారున్నారు. ఆ పద్దు చెప్పేది, యంత్రం పద్ధతిగా ఆగకుండానే మళ్లీ మొదలైందని మాత్రమే. ఎందుకు ఆగిందో దానికి తెలియదు.

"పవరు డబ్బ": శాస్త్రనామం స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై. కొట్టులో ఎస్‌ఎంపీఎస్. ఇంట్లో పవరు డబ్బ. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ఇది ముందు డీసీ చేస్తుంది. అప్పుడది సుమారు 325 వోల్టులకు చేరుతుంది. ఆ డీసీని సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, 12, 5, 3.3 వోల్టులుగా దింపుతుంది. అంత వేగంగా తెంచడం వల్లనే ట్రాన్స్‌ఫార్మరు గుప్పిట్లో పట్టేంత చిన్నదైంది.

దీని తీగలకు వర్ణాశ్రమం ఉంది. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నీలం మైనస్ 12, నలుపు గ్రౌండు. ఆకుపచ్చ, ఊదా, బూడిద తీగల ధర్మం పైన చెప్పాం. తెల్ల తీగ మైనస్ 5 వోల్టులది, అది చాలాకాలం కిందటే వానప్రస్థానికి పోయింది. ఈమధ్య వచ్చే డబ్బల్లో తీగలన్నీ నల్లగానే ఉంటున్నాయి గనుక వర్ణం చూసి గుణం చెప్పడం కుదరదు, పిన్ను లెక్క తెలియాలి. 24 పిన్నుల్లో 16వది ఆకుపచ్చ, 9వది ఊదా, 8వది బూడిద.

డబ్బ మీది చీటీ కూడా మూలగ్రంథమే, దానికీ వ్యాఖ్య కావాలి. పెద్దక్షరాల్లో 450 అని ఉంటుంది. కింద చిన్నక్షరాల పట్టికలో 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లని ఉంటే, 12ను 18తో హెచ్చించగా వచ్చేది 216 వాట్లు. ఇప్పటి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు తాగేది ప్రధానంగా ఆ గడి నుంచే. 8 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టరు ఒక్కటే 150 వాట్ల దాకా అడగవచ్చు, స్లాటు మరో 75 అడగవచ్చు. పెద్దక్షరాలు నమ్మి కార్డు కొన్నవాడికి చిన్నక్షరాలు బుద్ధి చెబుతాయి. 80 ప్లస్ ముద్ర గురించి కూడా ఒక మాట. అది గోడనుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా చేయకుండా ఇస్తుందో చెప్పే ముద్ర. ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పే జాతకం కాదు.

"యేమొ": ఈ పద్యానికి ప్రాణం ఇదే. డబ్బ + ఏమొ అన్నచోట యడాగమం వచ్చింది. అచ్చులు రెండూ కలవనిచోట మధ్యలో యకారం దూరినట్టే, మూడు కాళ్ల ప్లగ్గూ రెండు కన్నాల సాకెట్టూ కలవనిచోట మధ్యలో అడాప్టరు దూరుతుంది. ఎర్తు లోపించేది అక్కడే. ఆ సంగతి శంకల్లో వివరిస్తాం.

"యేమొ" అనుమానాన్ని తెలిపే మాట. అనుమానం నిశ్చయం కావాలంటే ప్రమాణాలు కావాలి.

ప్రత్యక్షం: ముక్కూ కన్నూ. కాలిన వాసన, ఉబ్బిన కెపాసిటరు, కనెక్టరులో గోధుమరంగుకు తిరిగిన ప్లాస్టిక్కు కనబడితే వాదం అక్కడితో ఆపవచ్చు. పొగను చూసి నిప్పును ఊహించడానికి తార్కికులు ఎన్నో పుటలు ఖర్చు చేశారు. మెకానిక్కు మాత్రం పొగ చూస్తే ఊహించడు, గోడ స్విచ్చి ఆపేస్తాడు.

శబ్దం: బోర్డుకు చిన్న స్పీకరు ఉంటే దాని బీప్‌లు. వాటి భాష బోర్డు కంపెనీని బట్టి మారుతుంది గనుక బోర్డు పుస్తకమే దానికి నిఘంటువు. ఒక్క బీప్ అయినా వినబడిందంటే ప్రాసెసరు దాకా ప్రాణం చేరిందన్నమాట.

అనుమానం: జెమ్ క్లిప్పు పరీక్ష. కార్డు పీకేసి, డబ్బ తీగలన్నిటినీ బోర్డునుంచీ తక్కిన భాగాలనుంచీ విడదీసి, 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చకూ పక్కనున్న నలుపుకూ క్లిప్పు గుచ్చి, ఆ తరవాతే కార్డు పెట్టి స్విచ్చి వేయాలి. డబ్బ ఫ్యాను తిరిగితే డబ్బ మంచిదని సంబరపడేవారు అనేకులు. తర్కశాస్త్రంలో దీన్ని సవ్యభిచార హేతువు అంటారు. అంటే సాధ్యం ఉన్నచోటా ఉండి, లేనిచోటా ఉండే కారణం. బరువు లేనప్పుడు ఫ్యాను తిరగడం మంచి డబ్బలోనూ ఉంది, బరువు పెట్టగానే కూలబడే డబ్బలోనూ ఉంది. తిరగకపోవడం కూడా అంతే. కొన్ని కొత్త డబ్బల్లో వేడెక్కేదాకా ఫ్యాను తిరగదు. క్లిప్పు పరీక్ష చెప్పగలిగింది ఒక్కటే. క్లిప్పు గుచ్చి, స్విచ్చి వేసి, మల్టీమీటరు పెట్టినా ఏ వరుసలోనూ వోల్టులు రాకపోతే డబ్బ నిజంగా పోయినట్టు.

మీటరు ఉన్నవారు దాన్ని డీసీ 20 వోల్టుల గడిలో పెట్టి, నల్ల కడ్డీని నల్ల తీగకూ, ఎర్ర కడ్డీని కొలవదలచిన తీగకూ కనెక్టరు వీపు నుంచి తాకించాలి. యంత్రం నడుస్తూండగా కొలిస్తేనే ఫలం. 12 వోల్టుల వరుస 11.4కూ 12.6కూ మధ్య, 5 వోల్టులది 4.75కూ 5.25కూ మధ్య, 3.3ది సుమారు 3.14కూ 3.47కూ మధ్య ఉండాలి. అంటే అటూ ఇటూ నూటికి 5 పాళ్లు. నీలం తీగకు మాత్రం 10 పాళ్ల సడలింపు. ఖాళీగా 12.1 చూపించి, ఆట మొదలుపెట్టగానే 11.2కు జారే డబ్బ దొరికిపోయినట్టే. అయితే మీటరు చూపేది సగటు. రెప్పపాటులో జారి తేరుకునే వరుసను అది పట్టలేదు.

అన్వయ వ్యతిరేకాలు: అన్నిటికన్నా బలమైన ప్రమాణం ఇది. మంచిదని రుజువైన మరో డబ్బను తెచ్చి పెడితే యంత్రం నడవాలి, ఇది అన్వయం. పాతదాన్ని మళ్లీ పెడితే ఆగిపోవాలి, ఇది వ్యతిరేకం. మొదటి సగం మాత్రం చేసి తృప్తిపడేవారి తీర్పు అప్పీలుకు నిలవదు. డబ్బ మార్చేటప్పుడు కనెక్టర్లన్నీ తీసి మళ్లీ గుచ్చుతారు. వదులుగా ఉన్నది ఆ గుచ్చడంలోనే బిగిసి ఉండవచ్చు. అందుకే పాతదాన్ని తిరిగి పెట్టి చూడడం అవసరం. ఇక్కడ ఒక నిషేధం. విడదీసే తీగలున్న మాడ్యులర్ డబ్బ అయితే, ఒక డబ్బ తీగలను మరో డబ్బకు గుచ్చరాదు. బోర్డు వైపు కొస అందరిదీ ఒకటే, డబ్బ వైపు కొస మాత్రం కంపెనీ ఇష్టం. రంధ్రాలు సరిపోతాయి, వోల్టులు సరిపోవు, డిస్కులు కాలిపోతాయి.

"బాబు!": సంబోధన ప్రథమా విభక్తి. సార్ అనక, అన్నా అనక, బాబు అనడంలో వాత్సల్యం ఉంది. బిల్లు తగ్గించమన్న ప్రార్థన అందులో గూఢంగా ఉందని రసజ్ఞులు గ్రహిస్తారు.

"చూడు": విధ్యర్థకం. చూడమన్నాడు గాని విప్పమనలేదు. ఇది కవి వివేకం. కార్డు పీకేశాక కూడా డబ్బ లోపలి పెద్ద కెపాసిటరులో 300 పైచిలుకు వోల్టులు నిలిచి ఉండవచ్చు. వాటిని ఖాళీ చేసే రెసిస్టరు లోపల ఉంటుంది గాని, చెడిన డబ్బలో అదే చెడి ఉండదన్న హామీ లేదు. కేబినెట్ తలుపు తీయడం గృహస్థ ధర్మం. డబ్బ నాలుగు స్క్రూలు విప్పడం ఆ విద్య నేర్చినవారి ధర్మం. వారంటీ ఉన్న డబ్బ సీలు చించడం ఎవరి ధర్మమూ కాదు.

శంకా సమాధానాలు

శంక: కేబినెట్ రేకు ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయి. ఇది డబ్బ దోషం కాదా?

సమాధానం: తరచుగా కాదు. విద్యుత్ రొదను అణచడానికి డబ్బ ముఖద్వారంలో రెండు చిన్న కెపాసిటర్లను ఫేజుకూ న్యూట్రలుకూ రేకుతో ముడిపెట్టి ఉంచుతారు. ఎర్తు సరిగా ఉంటే అవి జార్చే అతి స్వల్పమైన కరెంటు నేలలోకి పోతుంది. ఎర్తు లేకపోతే రేకు సగం వోల్టేజీకి, అంటే 115 దగ్గరికి తేలుతుంది. ఆ జిల్లు దానిదే. రెండు కాళ్ల అడాప్టరు తీసేసి, సాకెట్టులో మూడో కన్నానికి నిజంగా ఎర్తు తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించాలి. కొత్త డబ్బ కొంటే కొత్త జిల్లు వస్తుంది, అంతే. జిల్లు కాస్తా గట్టి షాకైతే మాత్రం వాదం మాని మెయిన్ ఆపాలి.

శంక: పాత డబ్బల వెనక 115, 230 అని రాసిన ఎర్ర మీట ఉంటుంది. 115 వైపు జరిపితే కరెంటు సగం ఆదా కాదా?

సమాధానం: ఇంట్లో ఒక కంప్యూటరు శాశ్వతంగా ఆదా అవుతుంది. 115 వైపున డబ్బ లోపలికొచ్చే వోల్టేజీని రెట్టింపు చేసుకుంటుంది. మన 230ని రెట్టింపు చేస్తే లోపలి కెపాసిటర్లు టపాకాయలు.

శంక: ఇంటి యూపీఎస్ మీద పెడితే ఆగిపోతోంది, గోడకు పెడితే నడుస్తోంది. దోషం ఎవరిది?

సమాధానం: సంసారంలో లాగే, ఇద్దరూ విడివిడిగా మంచివారే కావచ్చు. కొన్ని చౌక యూపీఎస్‌లు బ్యాటరీ మీదికి మారాక ఇచ్చే మెట్ల తరంగం, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని డబ్బలకు గిట్టదు. యూపీఎస్ మోయగల వాట్లు చాలవేమో కూడా చూడాలి.

పాఠాంతరం

చీటీకి నకలు తీసిన కుర్రాడి రిజిస్టరులో నాలుగో పాదం "పవరు డబ్బ పోయె బాబు! చూడు" అని ఉంది. గణాలకు భంగం లేదు, యతికీ భంగం లేదు. అర్థానికే భంగం. "యేమొ" అని చదివితే సందేహాలంకారం, "పోయె" అని చదివితే భ్రాంతిమదలంకారం. అలంకార శాస్త్రంలో రెండూ అందమైనవే. రిపేరు కొట్టులో రెండోదానికి ధర చెల్లించాలి. పైగా పోయిందని తేలిపోయాక మళ్లీ "చూడు" అనడం పునరుక్తి. కనుక "యేమొ" అన్నదే కవిపాఠం. "పోయె" అన్నది వ్యాపారి ప్రక్షిప్తం.

తాత్పర్యం

ఓ బాబూ! మీట నొక్కగానే ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది, దీపం కూడా ఆరిపోతోంది. నిన్నటి దాకా బాగున్నట్టే కనిపించింది. ఎస్‌ఎంపీఎస్ మీద నాకు అనుమానమే గాని నిశ్చయం లేదు. గోడనూ, కార్డునూ, మీటనూ ముందు చూడు. అక్కరలేనివన్నీ ఊడదీసి చూడు. బరువు మీద వోల్టులు కొలిచి చూడు. వేరే డబ్బ పెట్టి, మళ్లీ పాతది పెట్టి చూడు. ఆ తరవాతే నాకు ధర చెప్పు అని భావం.

విశేషాలు

ఛందస్సు ఆటవెలది. యతి మీ-మే, ప-బ, ని-ని, ప-బా. రెండో పాదంలోనూ నాలుగో పాదంలోనూ పకారానికి బకారంతో వర్గయతి చెల్లింది. రసం మొదటి పాదంలో ఆశ, రెండో పాదంలో కరుణ, మూడో పాదంలో స్మృతి, నాలుగో పాదంలో శరణాగతి. రోగలక్షణాలు, పూర్వచరిత్ర, అనుమానం, అభ్యర్థన ఈ వరసలోనే ఉండడం వల్ల ప్రతి కంప్లయింటు చీటీకీ ఈ పద్యం ఒరవడిగా పనికివస్తుంది. "పని చేయట్లేదు" అని ఒక్క మాట రాసిచ్చేవారు దీన్ని కంఠస్థం చేయదగును.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివినవారి కంప్యూటరు బాగవుతుందని చెప్పలేం. ఏది బాగుందో మాత్రం వారికి తెలుస్తుంది. మిగిలిందే దోషం. డబ్బ పోయిందని ఎవరు చెప్పినా, మంచి డబ్బ ఒకటి ఎదురుగా తగిలించి చూపమనండి. పాతదాన్ని మళ్లీ పెట్టి ఆగిపోతుందో లేదో కూడా చూపమనండి. రెండూ కళ్లారా చూశాక డబ్బు కట్టండి. చూసేదాకా కొత్త డబ్బ కొనకండి. చూశాక కూడా పాత డబ్బ విప్పకండి.